గాలికాలవలో ఆఖరి నీళ్లు

రైల్లో వాన

మా అమ్మాయి భువనేశ్వర్‌లో కాపురం ఉంటుంది. దాన్ని చూడ్డానికి ఏడాదికి ఒకటి రెండుసార్లు తెనాలిలో రైలెక్కుతాను. విజయనగరం దాటాక, శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఇంకా రాకముందు, ఒకచోట పట్టాలు లోతైన కోతలోకి దిగుతాయి. రెండు పక్కలా ఎర్రమట్టి గట్లు, గట్ల మీద తుమ్మపొదలు. కొన్నేళ్ల కిందట ఒక మిట్టమధ్యాహ్నం ఆ కోతలోంచి పోతుండగా, కిటికీ చువ్వల మీద పెట్టుకున్న నా చేతి మీద చల్లటి నీటిచుక్కలు పడ్డాయి. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎండ పేలిపోతోంది. పెట్టె మీదుగా ఒక నీడ సర్రున దాటిపోయింది.

ఎదురుగా పల్లీలమ్ముకునే అతను బుట్ట దించుకుని కూర్చున్నాడు. "గాలికాలవండి అది. పైన నీరెల్తాది, కింద రైలెల్తాది," అన్నాడు. అంతవరకూ బాగానే ఉంది. ఆ తరవాత అన్న మాటే నన్ను పట్టుకుంది. "సెయ్యి తుడిసీసుకోండమ్మా. ఆ నీరు ఒంటి మీద ఆరనివ్వకూడదు."

ఎందుకని అడిగేలోపు పొందూరు వచ్చింది, బుట్ట నెత్తినెట్టుకుని దిగిపోయాడు.

నేను తుడుచుకోలేదు. కారణం చెప్పకుండా ఏదైనా చెయ్యమంటే చెయ్యని మొండిఘటాన్ని. కానీ భువనేశ్వర్‌లో దిగేదాకా ఆ చేతిని ఒళ్లో పెట్టుకోలేకపోయాను. ఎప్పుడో ఆరిపోయింది, అయినా తడిగానే ఉన్నట్టనిపించేది.

ఆ తరవాత ఆ దారిన వెళ్లినప్పుడల్లా కిటికీ పక్కన కూర్చుని ఎదురుచూసేదాన్ని. నీడ పడేది, పోయేది. ఒకసారి దిగి చూసి రావాలని మా ఆయనతో అంటే పేపరు దించకుండానే, "ఇంటి వెనక కాలవుంది. గేదెలు కూడా ఉన్నాయి. కావలిస్తే నేను రైలు కూత కూస్తాను," అన్నాడు. ఇలాంటి మాటలు వినీ వినీ ఈ ఆషాఢంలో ఒక్కదాన్నే సంచి సర్దుకుని బయల్దేరాను.

అరసవల్లి

దేవుడి దర్శనం చేసుకుని లాడ్జిలో దిగాను. పక్కనే ఒక చిన్న భోజనశాల. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, పప్పు, చారు. పప్పు నోట్లో పెట్టుకుంటే తియ్యగా తగిలింది. చారు కూడా అంతే. మా వైపు అన్నం తింటే చెవుల్లోంచి ఆవిర్లు రావాలి, లేకపోతే వంట మనిషికి ఒంట్లో బాలేదని అర్థం. వడ్డించే ఆవిణ్ని పిలిచి ఇదేమిటమ్మా అని అడిగాను.

"బెల్లమెయ్యకపోతే కూరెలగవుతాది?" అని నన్నే ఎదురడిగింది. "మీది గుంటూరు సైడేటి? పోపం." 

నా మీద జాలిపడి ఇంకో గరిటె పనసపొట్టు వేసింది. ఆ కూర కోసం మళ్లీ అంత దూరం వెళ్లొచ్చు.

గాలికాలవ గురించి లాడ్జి గుమాస్తాకి తెలియదు. టీకొట్టు అతనికి తెలియదు. ఆటోల దగ్గర అడిగితే సింహాచలం అనే అతను తెలుసన్నాడు. నలభై దాటిన మనిషి, ఆటో అద్దానికి ఎండిన నిమ్మకాయలు కట్టుకున్నాడు. ఆ కాలవ చివర ఉన్న శివారు ఊరే వాళ్ల అత్తారిల్లట. ఆ ఊరి పేరు రాయొద్దని తరవాత ఒకరు నన్ను అడిగారు, అందుకని రాయడం లేదు.

"మంచి టయానికొచ్చినారు. ఇంకో మూడ్రోజులకే నీరొగ్గుతారు," అన్నాడు. నీళ్లు వదలడాన్ని ఇక్కడ ఒగ్గడం అంటారు. "ఇదే ఆఖరు నీరు కూడాను. రైలోలు మూడో లైనేస్తన్నారు కదేటి. పట్టాల మీదుగా నీరెల్లే ఆ తొట్టి పడగొట్టీసి కిందనించి గొట్టాలేసీస్తారు."

ఆ కాలవ కథ కూడా అతనే చెప్పాడు. పట్టాలు వెయ్యకముందు నుంచే కాలవ ఉండేదట. రైలు కోసం గట్టు తవ్వితే కాలవ తెగిపోయింది. శివారు వాళ్లు పారలు పట్టుకుని కోతలో కూర్చున్నారు, మా నీరు మాకిచ్చి మీ రైలు మీరు పెట్టుకోండని. అప్పుడొక దొర కొలతలు వేసి, మీ నీటిని గాల్లో నడిపిస్తాను అన్నాడట. ఊరు ఊరంతా నవ్విందట. తీరా రాతి స్తంభాల మీద తొట్టి కట్టి నీళ్లు పారిస్తే నవ్విన వాళ్లే గాలికాలవ అని పేరు పెట్టుకున్నారు. ఇందులో ఎంత నిజమో నాకు తెలియదు. ఎక్కడా రాసి లేదు.

"ఆ నీరు ఒంటి మీద ఆరకూడదంటారు, ఎందుకు?" అని అడిగాను.

సింహాచలం మొహంలో నవ్వు పోయింది. "అది నాను సెప్పకూడదమ్మా. రేపు కూర్మం తీసుకెల్తాను. మా పైడమ్మత్త అక్కడుంటాది. నీరొగ్గే ముందు ఏటేటా సచ్చిపోయిన మావకి పిండాలెట్టిస్తాది. ఆవిడే సెప్పాలి," అన్నాడు. మళ్లీ, "నాను మాత్రం తొట్టిలోకి దిగను. ముందే సెప్తన్నాను," అన్నాడు.

శ్రీకూర్మం

గుడి ఆవరణలో తాబేళ్లను పెంచే చోట ఒకావిడ కటకటాల ముందు గొంతుక్కూర్చుని తోటకూర కాడలు అందిస్తోంది. సన్నగా, పొడుగ్గా ఉంది. తాబేళ్లతో ఏదో గొణుగుతోంది. "అత్తా, ఈయమ్మ గాలికాలవ సూడ్డానికొచ్చినాది," అని సింహాచలం చెప్పాడు. ఆమె నన్ను కింద నుంచి పైదాకా చూసింది.

"సూడ్డానికేటున్నాది అక్కడ?"

రైల్లో చేతి మీద పడ్డ చుక్కల గురించి చెప్పాను. తుడుచుకోలేదని కూడా చెప్పాను. ఆమె చూపు నా చేతి మీద ఆగింది. తరవాత "బయటికి పద," అంది.

గుడి బయట ఒక అరుగు మీద కూర్చున్నాం. పైడమ్మ కొంగు ముడి విప్పి చుట్ట తీసింది. వెలిగించి, నిప్పున్న కొసని నోట్లోకి పెట్టుకుని పెదాలు మూసింది. కాల్తుందమ్మా అని చెయ్యి పట్టుకోబోతే సింహాచలం నవ్వు ఆపుకోలేకపోయాడు. ఇక్కడి పెద్ద ఆడవాళ్లు చుట్ట అలాగే కాలుస్తారట, అడ్డపొగ అంటారట. నిప్పు నోట్లో పెట్టుకునే ఆమె మాట్లాడింది. పొగ మాత్రం ముక్కులోంచి సన్నగా వచ్చేది.

"ఆ తొట్టి పక్కకి ఒంపు తిరిగుంటాది. ఈ కొసనున్నోడికి ఆ కొస కనపడదు. గాలికీ రైలుకీ కేకేసినా ఇనపడదు. ఎప్పుడో ముందూ ఎనకా సూడకుండా నీరొగ్గీసినారట, తొట్టిలో మేకలుంటే కొట్టుకుపోనాయి. అప్పట్నించీ పెద్దలు మోత పెట్టినారు. గేటు కాడ లస్కరు గునపంతో తొట్టి గోడని కొడతాడు, వస్తన్నాదని. ఇటు మా శివారోడు రాయుచ్చుకుని కొడతాడు, రానీమని. రెండు దెబ్బలు, ఊపిరి తీసినంతసేపాగి ఇంకో దెబ్బ. అది అందినాకే గేటెత్తాలి."

లస్కరంటే కాలవ గేట్లు చూసే ఉద్యోగి. అది మా వైపూ ఉన్న మాటే. ఈ మోత మాత్రం మా వైపు లేదు.

"ఇప్పుడు ఫోన్లున్నాయి కదమ్మా?"

"ఫోన్ని నమ్ముకుని నీరొగ్గుతామేటి!" అని విసుక్కుంది. నాకు మా అత్తగారు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

తరవాతది ఆమె నా వైపు చూడకుండా చెప్పింది. పెద్దకొడుకు బడిలో చేరిన ఏడు, మోత కొట్టే వంతు ఆమె భర్తది. తొట్టిలో పూడిక తీశాక అందరూ గట్టెక్కి కూటికెళ్లిపోయారు. ఈయన మాత్రం మధ్యలో తూడు కలుపు మిగిలిందని మళ్లీ దిగాడు. అటు పక్క లస్కరు అప్పలసూరి కొట్టాడు. ఇటు గట్టు మీద జవాబు కొట్టేవాడు లేడు. అయినా గేటు లేచింది. మొదటి నీటి తోపుకి ఆయన తల అడ్డుదూలానికి తగిలింది. తొట్టి చివర తేలాడు. అప్పట్నుంచే ఆ నీటిని ఒంటి మీద ఆరనివ్వరట, చచ్చినవాడి తడి అని.

"పెద్దలు కూకోబెట్టి అడిగితే అప్పలసూరి ఒకటే మాట. నాను కొట్టినాను, సేనాసేపు ఆగినాను, గూడ్సుబండెల్లింది, బండెల్లినాక మోతందింది, ఎత్తినాను. అంతే. మోతెలగందుతాది తల్లీ? తన మీదకి తనే నీరు రమ్మంటాడేటి మాయింటాయన? ఆ పొద్దు అప్పలసూరి మేనగోడలు పెళ్లి. బేగెల్పోవాలని ఎత్తీసినాడని సగమూరు. అబద్దమాడీ మనిసి కాడని సగమూరు." చుట్ట తీసి బూడిద దులిపింది. "ఊరిదాకా ఎందుకు, నాలోనే సగం సగం."

అప్పట్నుంచి జవాబు మోత పైడమ్మే కొడుతోంది. ఆ రాయి ఇంకెవరి చేతికీ ఇవ్వదు. అప్పలసూరితో మాటల్లేవు. ఏటా అతను ఒక కొసన కొడతాడు, ఆమె ఒక కొసన కొడుతుంది. ఇన్నేళ్లూ ఆ ఇద్దరి మధ్యా నడిచిన మాటలు అవే.

"గొట్టాలేసీసినాక ఇంక మోతుండదు. నానెల్పోయే లోపు నాకొకటి తెలాలి. ఆడు ఇన్నాడా, ఇనకండా ఎత్తీసినాడా. అందుకే ఈయేడు నాను కొట్టను."

అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది. "మీరు కొట్టకపోయినా గేటెత్తితే..."

"ఆ పొద్దూ అలగే ఎత్తీసినట్టు."

"ఎత్తకపోతే?"

పైడమ్మ గుడి వైపు తిరిగింది. లోపల తాబేళ్లు ఆకులు కొరుకుతున్న చిన్న చప్పుడు అరుగు దాకా వినపడుతోంది. నా ఊహో ఏమో మరి.

"అలాగైతే ఆ పొద్దు కొట్టిందెవులు?" అంది.

నన్ను పక్కన ఉండమంది. తన చెవులు ముసలివట. ఊళ్లో వాళ్లకు చెబితే మూగి గోల చేస్తారట. "నువ్వు పై ఊరిదానివి. ఆడి పచ్చమూ కాదు, నా పచ్చమూ కాదు. గోడ మీద సెయ్యేసి ఉండు సాలు," అంది. చెడ్డ చిక్కులో పడ్డానని తెలుస్తూనే ఉంది. సరేనన్నాను.

కోత గట్టు మీద

మర్నాడు గేటు వైపు నుంచి వెళ్లాం. అప్పలసూరి అప్పటికే అక్కడున్నాడు. ఉద్యోగం మానేసి చాలా కాలమైనా మొదటి నీటికి మాత్రం అతన్నే పిలుస్తారు. నెల్లిమర్లలో కొడుకు దగ్గర ఉంటాడు. ముందురోజే వచ్చి గేటు పళ్లకు గ్రీజు రాసుకుంటున్నాడు. తలకు తువ్వాలు, మోకాళ్ల పైకి పంచె. నేను ఏ ఊరిదాన్నో, ఎందుకొచ్చానో ఏమీ అడగలేదు. సింహాచలాన్ని చూసి ఎటు నుంచి వచ్చానో గ్రహించినట్టున్నాడు.

"ఆయమ్మ బాగున్నాదా తల్లీ?" అన్నాడు.

బాగుందన్నాను. పాత సంగతి అడగనా వద్దా అని తటపటాయిస్తుంటే అతనే అందుకున్నాడు. పైడమ్మ చెప్పిన ముక్కలే, అదే వరసలో చెప్పాడు. కొట్టాడు, ఆగాడు, బండి వెళ్లింది, మోత అందింది, ఎత్తాడు. చివర ఒక్క మాట ఎక్కువ చెప్పాడు. "సెవికి కాదు తల్లీ, సేతికందింది. గోడ మీద సెయ్యెట్టే ఉంచినాను. అప్పట్లో నాకు అనుమానం నేదు. ఇప్పుడిప్పుడే ఒకోపాలి అందిందా, అందినట్టనుకున్నానా అనిపిస్తాది."

రేపు ఆమె కొట్టదయ్యా, తొందరపడకు అన్న మాట నా నాలుక కొస దాకా వచ్చింది. నేను ఎవరి పక్షమూ కాదని మాటిచ్చి కూర్చున్నాను. ఆ మాట మింగేశాను.

మధ్యాహ్నం భోజనం వేళ టిఫిన్ డబ్బాలో మా లాడ్జి ఇడ్లీలుంటే పెట్టబోయాను. ఇవాళ తింటానన్నాడు. రేపు మాత్రం నీరు శివారుకు చేరిందని కబురు వచ్చేదాకా పచ్చి గంగైనా ముట్టడట. ఆ సంగతి జరిగిన ఏడాది నుంచీ అంతేనట.

తరవాత తొట్టి చూడ్డానికి వెళ్లాను. రెండు చేతులూ చాస్తే అటూ ఇటూ గోడలు అందుతాయి. గోడలు ఛాతీ ఎత్తున ఉన్నాయి. పైన కప్పు లేదు, అక్కడక్కడా అడ్డుదూలాలు. సింహాచలం అన్నమాట ప్రకారం గట్టు మీదే నిలబడిపోయాడు. నేను మెట్లు దిగి లోపలికి నడిచాను.

ముందు తెలిసిన తేడా పిట్టల చప్పుడు లేకపోవడం. గట్టు మీద తుమ్మపొదల్లో పికిలిపిట్టలు గోల చేస్తున్నాయి. నాలుగడుగులు లోపలికి వేశానో లేదో అది ఆగిపోయింది. కింద కోతలో రైలు కరెంటు తీగలు సన్నగా గుంయిమంటున్న చప్పుడు మాత్రం కాళ్లలోంచి ఎక్కుతోంది. గోడల మూలల్లో ఎండిన నత్తగుల్లలు. ఒకచోట చేపముల్లు, తలతో సహా. రైలు పైన గాల్లో చచ్చిన చేప. నీళ్లలో చచ్చిన చేపను వెయ్యిసార్లు చూసుంటాను, ఎప్పుడూ ఇలా అనిపించలేదు.

అడుగున చెంచాతో గీకినట్టు శుభ్రంగా ఉంది. మొన్నే పూడిక తీశారట. రాత్రి పడ్డ జల్లుకు పల్చటి బురద పేరుకుని ఆరింది. ఆ బురద మీద అడుగులు కనపడ్డాయి. చెప్పుల్లేని పాదాలు, పెద్దవి, ఒక మనిషివే. శివారు వైపు నుంచి వచ్చి మధ్యలో ఒక అడ్డుదూలం దాకా ఉన్నాయి. అక్కడితో సరి. వెనక్కి తిరిగినవి లేవు, ముందుకు పోయినవీ లేవు.

ఎవడో దూలం పట్టుకుని గోడెక్కి, గోడ మీద నడిచిపోయుంటాడని సర్ది చెప్పుకున్నాను. గోడ పై అంచు చూశాను. జానెడు వెడల్పు. అవతల వైపు చూస్తే కింద కరెంటు తీగలు, వాటి కింద పట్టాలు. కళ్లు తిరిగి కూర్చుండిపోయాను. చేతికి తగిలిన రాయి తీసి, ఎందుకు కొట్టానో నాకే తెలియదు, గోడ మీద ఒక్క దెబ్బ కొట్టాను.

"కొట్టకండమ్మా!" అని సింహాచలం అరిచిన అరుపుకి రాయి నా కాలి మీదే పడింది. "ఆ మోత నీటిది! ఉత్తప్పుడు కొట్టకూడదు!"

బొటనవేలు వాచింది, చేసిన పనికి తగిన శాస్తే. కానీ గోడ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఆగి చూశాను. నేను కొట్టిన దెబ్బ తిరిగి రాలేదు. గోడ దాన్ని మింగేసింది. ఈ తొట్టికి ప్రతిధ్వని లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

పైకెక్కాక, అడుగుల సంగతి సింహాచలంతో చెప్పాను. అతను ఆటో దాకా నడిచి, నిమ్మకాయల దండ ఒకసారి ముట్టుకుని బండి తీశాడు.

నీరొగ్గిన పొద్దు

పొద్దున్నే శివారు ఊరు మొత్తం కాలవ దిగువన చేరింది. పసుపూ కుంకుమా, అరటిపళ్లూ, ఆడవాళ్ల చేతుల్లో పళ్లేలు. తొట్టి కొస దగ్గరికి మాత్రం ఎవరూ రారు, అది పైడమ్మ జాగా. వాళ్లు ఎదురుచూసేది నీటి కోసం, మేం ఎదురుచూసేది ఏమిటో వాళ్లకు తెలియదు. తొట్టిలో ఎవరూ లేరని పైడమ్మ అటు చివరి దాకా నడిచి చూసుకుని వచ్చింది. నిన్నటి అడుగుల మాట ఆమెతో చెప్పలేదు. ఆమె కాళ్లు వాటి మీదుగానే నడిచి వచ్చాయి కాబట్టి ఇంక చూపించడానికీ ఏమీ లేదు.

ఆమె గోడ పక్కన కూర్చుంది. ఒళ్లో నల్లటి గుండ్రాయి. పక్కన మూత పెట్టిన స్టీలు క్యారేజీ. నేను రెండు అరచేతులూ గోడకు ఆనించాను. ఎండకు గోడ వెచ్చగా ఉంది.

అప్పలసూరి మోత వచ్చింది. చెవికంటే ముందు చేతికే తెలిసింది. గోడ లోపల ఎవరో వేలితో తట్టినట్టు, రెండు, ఆగి ఒకటి.

పైడమ్మ రాయిని రెండు చేతులా పట్టుకుంది. కదల్లేదు.

ఆగాం. దిగువన ఊరి జనం మాటలు ఒక్కొక్కటే తగ్గాయి. ప్రతి ఏడూ వెంటనే వచ్చే జవాబు ఈసారి ఎందుకు రాలేదా అని తలలు తిప్పి మా వైపు చూస్తున్నారు. నీళ్లు రాలేదు. అటు గేటు దగ్గర ఆ ముసలాయన గోడ మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంటాడు. ఎత్తకు నాయనా, ఎత్తకు అని మనసులో అనుకుంటున్నాను. పక్షం లేదన్నదాన్ని, ఎప్పుడు అతని పక్షానికి వెళ్లిపోయానో తెలియదు.

మళ్లీ కొట్టాడు. రెండు, ఆగి ఒకటి. పైడమ్మ కళ్లు మూసుకుంది. ఆమె పెదాలు బిగించుకుని ఉన్నాయి, చుట్ట లేకుండానే.

నీళ్లు రాలేదు. అతను ఎత్తలేదు.

"ఎత్తనేదు," అంది పైడమ్మ, ఊపిరి వదులుతూ. రాయి ఎత్తింది. ఇక జవాబు కొట్టేద్దామని. అప్పుడే కోతలో రైలు కూత వినపడింది. కూత మధ్య మోత అందదని రాయి దించింది. గూడ్సుబండి. బొగ్గు బండ్లు వరసగా మా కిందనుంచి పోతున్నాయి. తొట్టి అంతా సన్నగా వణికింది, నా పళ్లు కూడా. చివరి పెట్టె కూడా పోయింది. వణుకు తగ్గి తగ్గి ఆగిపోయింది. తీగల గుంయిమనే చప్పుడు కూడా లేదు.

అప్పుడు నా చేతికి అందింది.

రెండు. ఊపిరి తీసినంతసేపు. ఇంకొకటి.

గేటు వైపు నుంచి కాదు. అప్పలసూరి మోత దూరం నుంచి వస్తుంది, సన్నగా. ఇది దగ్గర. తొట్టి మధ్యనుంచి. నేను పైడమ్మ చేతులకేసి చూశాను. రాయి ఒళ్లోనే ఉంది, రెండు చేతులూ దాని మీదే ఉన్నాయి. గోడ వెచ్చగా ఉండాల్సింది, నా అరచేతుల కింద చల్లగా ఉంది. చేతులు తియ్యాలనుకుని తియ్యలేకపోయాను. భయమేసింది. ఇంత వయసొచ్చి, పట్టపగలు, అంతమంది జనం ఉండగా అంత భయం నేనెప్పుడూ పడలేదు.

తొట్టిలోంచి ముందు గాలి వచ్చింది, ఎండుమట్టి వాసనతో. తరవాత నురగ, ఆకులు, నత్తగుల్లలు. ఆ వెనక నీరు. దిగువన జనం ఒక్కసారి కేకలు పెట్టారు, పళ్లేలు మోగాయి. నా చేతి మీద చుక్కలు ఎగిరి పడ్డాయి. ఈసారి ఎవరూ చెప్పకముందే కొంగుతో తుడిచేసుకున్నాను.

"ఇన్నావా?" అంది పైడమ్మ.

"విన్నాను."

"ఎన్ని?"

"రెండు. ఆగి ఒకటి."

ఆమె నీళ్లకేసి తిరిగింది. రాళ్లూ సున్నమూ ఎండకు కాగి, బండి వెళ్లాక ఆ వణుకుకి ఎక్కడో సర్దుకుంటూ చప్పుడు చేస్తాయని, పాత కట్టడాలు అలాగే అంటాయని నేను చెప్పబోయాను. చదువుకున్న మాటలే అవి, తప్పు కాకపోవచ్చు కూడా. తక్కిన ఏళ్లలో ఆమె జవాబు వెంటనే వెళ్లిపోయేది, మధ్యలో రైలు వచ్చే వ్యవధే ఉండేది కాదు. అందుకే ఎవరికీ తెలియలేదేమో. మరి సరిగ్గా రెండు, ఆగి ఒకటి ఎందుకు కొట్టాలి? ఆ చల్లదనం ఏమిటి?

"రైలో, మాయింటాయనో," అంది పైడమ్మ. "ఏదైతేనేటి. ఆడు ఇన్నాడు. ఆ పొద్దు ఆడు నిజంగా ఇన్నాడు."

ఒళ్లో రాయిని తొట్టిలోకి వదిలేసింది. నీళ్లు దాన్ని పట్టించుకోకుండా పైనుంచి పోయాయి. క్యారేజీ అందుకుని, "బండి తియ్యరా సింహాచలం," అంది.

మీరెవరైనా ఇది చదివి ఆ దారిన రైల్లో వెళ్తే, చేతిని కిటికీలో పెట్టుకుని ఎదురుచూడకండి. మీరు వెళ్లేసరికి గాలికాలవ ఉండకపోవచ్చు. మా అమ్మాయికి ఫోన్లో ఇదంతా చెబితే, అమ్మా నీకు ఎండ తగిలింది అంది. తగిలే ఉంటుంది. కానీ తరవాత జరిగింది మాత్రం ఎండకు సంబంధించింది కాదు.

తొట్టి నిండా నీళ్లు కాబట్టి దాని మీంచి దాటడానికి లేదు. రైలు గేటు మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాం. అప్పలసూరి కాలవ గేటు చక్రం పక్కన నిలబడి ఉన్నాడు. ఆటోలోంచి దిగుతున్నది పైడమ్మ అని పోల్చుకుని, తలకున్న తువ్వాలు తీసి భుజం మీద వేసుకున్నాడు. ఎక్కడ చూడాలో తెలియక నన్ను చూశాడు.

"ఈయేడు మోత ఆలీసమైపోయింది," అన్నాడు నాతో, ఆమెతో కాదు. "ఆయమ్మకి ఒంట్లో బాగోనేదేటో అనుకున్నాను. బండెల్లినాక గానీ కొట్టనేదు."

"నాను కొట్టనేదు, సూరీ," అంది పైడమ్మ.

అతను ఆమె మొహం చూశాడు. నా వైపు చూశాడు. నేను తల ఊపాను. అతని కుడిచెయ్యి తనంతట తానే లేచి గేటు గోడను తాకింది, అక్కడే ఉండిపోయింది. కాళ్లు మడిచి మెల్లిగా గట్టు మీద కూర్చున్నాడు. తన అరచేతిని తిప్పి చూసుకున్నాడు.

పైడమ్మ అతని ఎదురుగా కూర్చుని క్యారేజీ మూత తీసింది. చోళ్ల అంబలి, అదే మా రాగంబలి, ఉల్లిపాయ, నంజుకోవడానికి బెల్లం ఆవకాయ.

"కూడు తిన్నావేటి?"

"నేదు."

"నాకు తెలుసు," అంది, గ్లాసులోకి అంబలి వంపుతూ. "తాగు. నీరు ఊరికెల్పోయింది."